చిక్కు పడ్డ ఖాళీ సైటు అమ్మడం ఎలా? విశాఖలో సైటు ఉన్నవాళ్ళ కోసం

"మధురవాడలో మా నాన్నగారు కొన్న సైటు ఉంది. మాస్టర్ ప్లాన్ రోడ్డులో కొంత పోతుందట, అమ్మొచ్చా?" "పెందుర్తిలో 200 గజాలు, ఎల్.పి. (లేఅవుట్ అనుమతి) నంబరు లేదు, అడిగినవాళ్ళు మళ్ళీ ఫోన్ ఎత్తడం లేదు." "రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే 22ఏ అన్నారు, అంటే ఏమిటి?" నెలకు నాలుగైదుసార్లు ఇలాంటివి అడుగుతుంటే, ఒకసారి వరసగా రాసి పెడితే సరిపోతుందనిపించింది.

చాలా రకాల లోపాలున్న సైట్లను అమ్ముకోవచ్చు. బేరం చెడేది లోపం వల్ల కన్నా ఆ లోపం ఏమిటో అమ్మేవాడికే సరిగ్గా తెలియకపోవడం వల్ల. నేనూ ఆ తప్పు చేశాను. ఆనందపురం వైపు ఒక పంచాయతీ లేఅవుట్ ప్లాటు అమ్మడానికి రెండు లక్షలు అడ్వాన్సు తీసుకున్నాను. అనుమతి లేని లేఅవుట్ అని నాకు తెలుసు, కొనేవాళ్ళు అడగలేదు కదా అని చెప్పలేదు. పదిహేను రోజులకు వాళ్ళ లాయరు కాగితాలు చూసి పట్టేశాడు. డబ్బు తిరిగిచ్చాను, అంతకన్నా నష్టం ఏమిటంటే ఆ వీధిలో బ్రోకర్లందరికీ "ఆ సైటులో ఏదో ఉంది" అన్న మాట పాకిపోయింది. తర్వాత ఏడాదిన్నర ఎవరూ రాలేదు.

పైగా మన ఊళ్ళో కొనేవాళ్ళకు అనుమానం ఎక్కువ, కారణమూ ఉంది. భూరికార్డులు తారుమారయ్యాయన్న ఆరోపణల మీద 2017లో ప్రభుత్వం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేసింది ఇక్కడే. కాబట్టి వచ్చినవాడు రెండుసార్లు చూస్తాడనే అనుకుని మొదలుపెట్టండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఒరిజినల్ దస్తావేజు, దాని వెనకాల లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) అన్నీ. వారసత్వంగా వచ్చిన సైటైతే డెత్ సర్టిఫికేట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికేట్.
- ఈసీ, అంటే సైటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే కాగితం. 1983 తర్వాతి లావాదేవీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా అడగాలి.
- అడంగల్, 1బి (రెవెన్యూ రికార్డులు), ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరు హద్దులు, కొలతలు ఉన్న పటం) నకలు. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్.పి.ఎం. (రీసర్వేలో ఇచ్చిన భూమి ముక్క పటం) నంబరు.
- ఖాళీ స్థలం పన్ను రసీదులు.
- వచ్చిన నోటీసులన్నీ, చించెయ్యాలనిపించినవి కూడా.
- ఒక కొలత టేపు, ఫోను. టేపు ఎందుకో గెడ్డ (వాగు) దగ్గరికొచ్చాక చెప్తాను.

ఒక చిన్న మాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. సబ్బవరం, పరవాడ లాంటి మండలాలు ఇప్పుడు అనకాపల్లి జిల్లా. భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో విశాఖపట్నం జిల్లా కింద వెతికి, కనపడక, "మా రికార్డే లేదు" అని టెన్షన్ పడినవాళ్ళను చూశాను.

1. లోపం ఏమిటో కాగితం మీద పట్టుకోండి

"ఏదో జోన్ ప్రాబ్లం" అని బ్రోకరు చెప్పిన మాట మీద ఏమీ చేయకండి. మూడు చోట్ల చూడాలి.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా (22ఏ అనేది దీన్నే) ఉంటుంది. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు కొట్టి చూడండి. సబ్‌డివిజన్ నంబరుతో ఒకసారి, అది తీసేసి మొత్తం నంబరుతో ఒకసారి.

రెండోది ల్యాండ్ యూజ్ సర్టిఫికేట్. వీఎంఆర్‌డీఏకి (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ, ఒకప్పటి వుడా) దరఖాస్తు పెడితే, మీ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉంది, రోడ్డు ఏమైనా పోతోందా అన్నది రాసిస్తారు. పాత వుడా ప్లాన్ 2021 వరకు అని వేసింది. ఇప్పటి 2041 మాస్టర్ ప్లాన్ 2021 చివర్లో ఆమోదం పొందింది. పాత ప్లాన్‌లో నివాస జోన్ అని కొన్న సైటు కొత్త ప్లాన్‌లో వేరే రంగులోకి వెళ్ళి ఉండొచ్చు. పదేళ్ళ కిందట తీసిన సర్టిఫికేట్ చూపించి అమ్మాలనుకోవద్దు, కొత్తది తీయించండి.

మూడోది జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) జోనల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ సెక్షన్. మీ సైటు మీద నోటీసులు ఏమైనా ఉన్నాయా, రోడ్డు విస్తరణ ప్లాన్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

సరి చూసుకోవడం ఎలాగంటే, ఈ మూడు కాగితాల్లోనూ సర్వే నంబరు, విస్తీర్ణం, గ్రామం పేరు ఒకేలా ఉన్నాయా అని పక్కపక్కన పెట్టి చదవండి. ఒక చోట 87/2, ఇంకో చోట 87/2ఎ అని ఉంటే ముందు అది తేల్చుకున్నాకే తర్వాతి మెట్టు.

2. ఆ లోపం ఏ రకమో తేల్చుకోండి

ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. కొన్ని లోపాలు డబ్బు కడితే పోతాయి, కొన్ని తిరిగితే పోతాయి, కొన్ని మన జన్మలో పోవు.

*22ఏ.* రిజిస్ట్రేషన్ చట్టంలో ఈ సెక్షన్ కింద ఉన్న భూమిని సబ్ రిజిస్ట్రారు రిజిస్టర్ చేయరు. "22ఏలో ఉంది" అన్నంత మాత్రాన విషయం తెలిసినట్టు కాదు. ఏ క్లాజు అని అడగండి. (ఏ) అంటే చట్టప్రకారం బదిలీ నిషేధం ఉన్నవి, డి పట్టా భూములు (ప్రభుత్వం పేదలకు పంచినవి, అసైన్డ్ అనేవి ఇవే) ఎక్కువగా ఇందులోనే ఉంటాయి. (బీ) ప్రభుత్వ భూమి. (సీ) దేవాదాయ, వక్ఫ్. (డీ) భూపరిమితి (సీలింగ్) చట్టం కింద తేలిన మిగులు భూమి. (ఇ) ప్రభుత్వానికి ఏదో ఒక ప్రయోజనం ఉందని నోటిఫై చేసినవి.

సింహాచలం పంచగ్రామాలైన అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురంలో మీ సైటు ఉంటే మీ లోపం (సీ) క్లాజు, దేవస్థానంతో ముడిపడింది. అది మీ ఒక్కరి దరఖాస్తుతో తేలేది కాదు. అలాంటి సైటుకు రిజిస్ట్రేషన్ చేయిస్తానని ఎవరైనా అడ్వాన్సు అడిగితే టీ తాగించి పంపించెయ్యండి.

డి పట్టా అయితే ఇచ్చిన తేదీ చూడండి. 1954 జూన్ 18కి ముందు ఇచ్చిన పట్టాలకు అమ్మకూడదన్న షరతు ఉండేది కాదు. తాతలనాటి పట్టా కాగితం దొరికితే అది బంగారం, జాబితా నుంచి తీయించుకోవడానికి బలమైన ఆధారం. ఆ తర్వాతివైతే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డు. 20 ఏళ్ళు దాటినవాటికి పూర్తి హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది. 2024లో ప్రభుత్వం ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలనకు పెట్టింది. మీది ఆ కోవలోదైతే తహసీల్దారు దగ్గర ఇప్పటి స్థితి రాయించుకోకుండా ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా తీసుకోవద్దు. మాజీ సైనికులకిచ్చిన భూములు వేరు. వాటిని పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చు, కానీ రిజిస్ట్రేషన్‌కు ఇప్పుడు ఏ కాగితం కావాలో ముందే అడిగి తెలుసుకోండి.

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇంకొకటి. సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిది, కానీ జాబితాలో మొత్తం నంబరు ఎక్కేసింది. ఇది తిరిగితే పోయే రకం. ఎఫ్.ఎం.బి., మీ భాగం సబ్‌డివిజన్ స్కెచ్, 1బి, లింకు డాక్యుమెంట్లు పెట్టి కలెక్టరు పేరున దరఖాస్తు రాయండి. మహారాణిపేటలో కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు పడుతుంది. ఆ నంబరే మీకు ఆయుధం. నంబరు లేకుండా చేత్తో ఇచ్చి వచ్చిన కాగితం ఏ బల్ల కింద ఉందో ఎవరికీ తెలియదు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు చోట చుక్కలు ఉన్న భూములకైతే 2017లో వేరే చట్టమే వచ్చింది. 12 ఏళ్ళ స్వాధీనం రుజువులు చూపించాలి.

*అనుమతి లేని లేఅవుట్ ప్లాటు.* సర్పంచి సంతకం, రంగుల బ్రోచరు, వీధిలో సిమెంటు రాళ్ళు అన్నీ ఉంటాయి, ఎల్.పి. నంబరు మాత్రం ఉండదు. ఇది డబ్బు కడితే పోయే రకం. ఇలాంటి లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్.ఆర్.ఎస్. పథకం 2020లో వచ్చింది, 2025లో మళ్ళీ వచ్చింది. 2025 పథకం ఆ ఏడాది జూన్ 30 లోపు రిజిస్టర్ అయిన ప్లాట్లకు. మీరు దరఖాస్తు పెట్టి ఉంటే ఆ రసీదు, ఎంత కట్టారు, ఎంత మిగిలింది అన్నది తీసి పెట్టుకోండి. పథకం గడువు ఉందో లేదో లైసెన్సుడ్ టెక్నికల్ పర్సన్‌ని (ప్లాన్లు, దరఖాస్తులు పెట్టే లైసెన్సున్న ఇంజనీరు) అడిగి మొదలుపెట్టండి. చెరువు గర్భం, ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమిలో వేసిన లేఅవుట్లకు ఇది వర్తించదు, ఫీజు కట్టినంత మాత్రాన పని జరిగినట్టు కాదు.

*జోన్ తేడా.* వ్యవసాయ జోన్, గ్రీన్ జోన్, రిక్రియేషన్ జోన్‌లో ఇంటి సైటు. భూ వినియోగ మార్పిడికి వీఎంఆర్‌డీఏలో దరఖాస్తు పెట్టాలి. అభ్యంతరాలు పిలుస్తారు, చివరికి ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. రెండు మూడు ఎకరాలున్నవాళ్ళకు ఆ శ్రమ గిట్టుతుంది. 200 గజాల వాళ్ళకు నా సలహా, అది పెట్టుకోకండి. చుట్టూ ఉన్నవాళ్ళందరూ కలిసి పెడితే తప్ప ఒక్క ప్లాటు రంగు మార్చడానికి ఏళ్ళు తిరగడం దండగ. ఇంకో పొరపాటు, నాలా కన్వర్షన్ ఉంటే జోన్ మారినట్టే అనుకోవడం. నాలా అనేది వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం, 2006 నాటి చట్టం, దాన్ని 2025లో రద్దు చేశారు. మాస్టర్ ప్లాన్ రంగుతో దానికి సంబంధం లేదు.

*రోడ్డు.* ఇది వినడానికే భయం గానీ లెక్క వేస్తే తేలికైనది. మీ సైటు 45 అడుగులు, 60 అడుగులు అనుకోండి, అంటే 300 గజాలు. 45 అడుగుల ముఖం వైపు రోడ్డు విస్తరణలో 9 అడుగులు పోతుంది. 405 చదరపు అడుగులు, అంటే 45 గజాలు. మీ దగ్గర మిగిలేవి 255. "రోడ్డులో పోతుంది" అని మొత్తం సైటు రేటు సగానికి దించేవాడికి ఈ లెక్క చూపించండి. పోయే భాగానికి టీడీఆర్ బాండు (డబ్బుకు బదులు ఇచ్చే, వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు) వస్తుంది, దాన్ని బిల్డర్లు కొంటారు. ఆ బాండు మీకా, కొనేవాడికా అన్నది బేరంలోనే మాట్లాడుకోవాలి. చాలామంది మరిచిపోతారు, తర్వాత గొడవ.

*గెడ్డ.* ఇప్పుడు టేపు తీయండి. 2017 భవన నిబంధనల ప్రకారం 10 మీటర్ల కన్నా వెడల్పైన గెడ్డ, కాలువ పక్కన 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల లోపు గెడ్డ అయితే 2 మీటర్లు వదిలితే చాలు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు.

40 అడుగులు, 50 అడుగుల సైటు, వెనక 40 అడుగుల వైపు గెడ్డ ఉందనుకోండి. గెడ్డ 8 మీటర్లైతే వెనక ఆరున్నర అడుగులు పోతాయి, ఇల్లు కట్టుకోవచ్చు. 11 మీటర్లైతే ఇరవై తొమ్మిదిన్నర అడుగులు పోతాయి. 50లో మిగిలేది ఇరవై చిల్లర, అందులో సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) వేరే. ఇక ఇల్లు లేదు. సైటు ధర మొత్తం ఆ పది మీటర్ల గీత మీద ఆడుతుంది.

గోపాలపట్నం దగ్గర ఒక గెడ్డ పక్క సైటుకి కొనేవాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను. అవతలి గట్టు నుంచి ఇవతలి గట్టుకు టేపు పట్టి చూస్తే 7.6 మీటర్లు. అమ్మే ఆయన ముఖం వెలిగిపోయింది. కొనేవాళ్ళ తరఫు పెద్దాయన జేబులోంచి ఎఫ్.ఎం.బి. నకలు తీసి బైకు సీటు మీద పరిచారు. అందులో గెడ్డ 12 మీటర్ల పైన ఉంది. అవతలివాళ్ళు ఎప్పుడో మట్టి పోసి, గోడ కట్టి గెడ్డను సన్నం చేసేశారు. రికార్డులో ఉన్న హద్దే లెక్కలోకి వస్తుంది, నేల మీద కనిపించేది రాదు. మీరు ముందే ఎఫ్.ఎం.బి. చూసుకుని ఉంటే ఆ ఎండలో అలా నిలబడాల్సిన పని ఉండదు.

*మిగతావి.* సముద్రం వైపు, అంటే రుషికొండ నుంచి భీమిలి దాకా, హైటైడ్ లైన్ (పోటు నీరు చేరే గీత) నుంచి 500 మీటర్ల లోపు సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు చూసుకోవాలి. విమానాశ్రయం, నేవీ స్థావరాల దగ్గర ఎత్తు పరిమితులు ఉంటాయి, అపార్టుమెంటు బిల్డరుకు అది సమస్య, రెండంతస్తుల ఇల్లు కట్టుకునేవాడికి చాలాసార్లు కాదు. హైటెన్షన్ లైను పోతుంటే అది ఎన్ని కేవీ అని ట్రాన్స్‌కోను అడగండి. 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్ల వెడల్పున దారి వదలాలి. ముదసర్లోవ, మేహాద్రి గెడ్డ రిజర్వాయర్ల పరీవాహకంలో ఉంటే ప్లాన్‌లో ఏ జోన్ అని రాసి ఉందో జాగ్రత్తగా చదవండి.

*జీవీఎంసీ నోటీసులు, బకాయిలు.* తుప్పలు, చెత్త, నిలవ నీళ్ళు, అనుమతి లేకుండా కట్టిన గోడ, వేసిన షెడ్డు, కట్టని ఖాళీ స్థలం పన్ను. వీటి గురించి ఎక్కువ ఆలోచించకండి. జేసీబీ పెట్టి ఒక పూట శుభ్రం చేయించండి, పన్ను కట్టండి, షెడ్డు తీసేయండి, రసీదూ ఫోటోలూ పెట్టి నోటీసుకు జవాబివ్వండి. ఇదంతా బేరానికి ముందే అయిపోవాలి. తుప్పల్లో నిలబడి ఎవరూ మంచి రేటు చెప్పరు.

3. సర్వే చేయించండి

హద్దు రాళ్ళ మీద నమ్మకం పెట్టుకోకండి. మీసేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలవమనే) దరఖాస్తు పెడితే మండల సర్వేయరు వచ్చి కొలుస్తారు. పక్కవాళ్ళకు నోటీసు ఇచ్చి, వాళ్ళ సమక్షంలో కొలిచి, వాళ్ళ సంతకాలు తీసుకుంటే కొనేవాడికి సగం భయం పోతుంది. ప్రైవేటు సర్వేయరుతో చేయిస్తే త్వరగా అవుతుంది, మీ లెక్కకు సరిపోతుంది, కానీ గొడవ వస్తే ఆ స్కెచ్ నిలబడదు.

ఫలితం ఎలా చూసుకోవాలి? స్కెచ్‌లో పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించి గజాలకు మార్చండి. చదరపు అడుగులను 9తో భాగిస్తే గజాలు. సెంటుకు 48.4 గజాలు. దస్తావేజులో 267 ఉండి నేల మీద 251 వస్తే 251కే బేరం ఆడండి.

4. బాగుచేసి అమ్మాలా, ఉన్నట్టే అమ్మాలా

మూడు అంకెలు రాయండి. లోపం లేని పక్క సైటు ఇప్పుడు ఎంత పోతోంది. లోపం పోగొట్టడానికి మొత్తం ఖర్చెంత. ఎన్ని నెలలు. ఖర్చు తీసేశాక కూడా ఉన్నపళంగా వచ్చే ధర కన్నా బాగా ఎక్కువ మిగిలి, ఆ నెలలు మీరు ఆగగలిగితేనే బాగుచేయండి. ఎల్.ఆర్.ఎస్., పన్ను బకాయి, సర్వే దాదాపు ఎప్పుడూ గిట్టుతాయి. జోన్ మార్పు చాలాసార్లు గిట్టదు. గెడ్డ, చెరువు బఫర్‌ను (పక్కన వదలాల్సిన జాగా) మీరు బాగుచేయలేరు, ధరలోనే సర్దుకోవాలి.

పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో డబ్బు అవసరమై అమ్ముతున్నవాళ్ళు ఈ లెక్క చూసి బాధపడకండి. తక్కువకు అమ్మినా దాచకుండా అమ్మితే ఆ డబ్బు మీదే, ఎవరూ వెనక్కి అడగరు.

5. ధర, ప్రభుత్వ విలువ

ఇది ఎవరూ ముందు చెప్పరు. మీ సైటు లోపం వల్ల తక్కువకు పోవచ్చు. ప్రభుత్వ మార్కెట్ విలువకు ఆ లోపం తెలియదు.

ఉదాహరణకు 200 గజాలు. ప్రభుత్వ విలువ గజం 20,000, అంటే 40 లక్షలు. మీరు గజం 14,000 చొప్పున 28 లక్షలకు ఒప్పుకున్నారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అది 40 లక్షల మీదే, మూడు లక్షలు. ఆదాయపు పన్ను లెక్కలో కూడా తేడా 10 శాతం దాటింది కాబట్టి మీరు 40 లక్షలకు అమ్మినట్టే లాభం చూస్తారు. కొన్నవాడికి ఆ 12 లక్షల తేడా ఆదాయంగా పడుతుంది. ఇద్దరూ దెబ్బ తింటారు.

దారి ఏమిటంటే, అమ్మకానికి ముందే రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రిపోర్టు రాయించుకోండి. అందులో లోపం పేరు, బఫర్ కొలత, దానికి ఆధారమైన సర్టిఫికేట్ నంబరు ఉండాలి. రిటర్ను పరిశీలనకు వస్తే, విలువ కట్టడానికి వాల్యుయేషన్ అధికారికి పంపమని అడిగే హక్కు మీకు చట్టంలో ఉంది. అప్పుడు ఈ రిపోర్టు పనికొస్తుంది. ఆడిటర్‌తో అగ్రిమెంటుకు ముందే మాట్లాడండి. రిజిస్ట్రేషన్ అయ్యాక వెళ్తే ఆయన చేయగలిగింది తక్కువ.

6. ఎవరికి అమ్మాలి

గోడ మీద "ఈ స్థలము అమ్మబడును" అని ఫోను నంబరు రాస్తే వచ్చేది ఎక్కువగా బ్రోకర్లే. లోపం ఉన్న సైటుకు మొదటి కొనుగోలుదారు పక్క సైటాయన. ఒంటరిగా ఇల్లు రాని ముక్క ఆయన సైటులో కలిస్తే బండి పెట్టుకునే చోటు అవుతుంది, పెరడు అవుతుంది. ముందు ఆయన ఇంటికెళ్ళి, "అన్నయ్యా, బయటివాళ్ళకు ఇచ్చేముందు మీకో మాట చెప్దామని వచ్చాను" అనండి. ఆ తర్వాత నర్సరీవాళ్ళు, గోడౌనుకో పార్కింగుకో చోటు చూసుకునేవాళ్ళు, బిల్డర్లు. బిల్డరు అందరికన్నా తక్కువ చెప్తాడు, కానీ లోపం చూసి పారిపోడు.

అమ్మకుండా లీజుకిచ్చి చిక్కు తేలేదాకా ఆగడం ఇంకో దారి. లీజు కాగితం రాసుకోకుండా మాత్రం ఎవరినీ లోపల పెట్టొద్దు.

పెద్ద ముక్కను ప్లాట్లుగా చేసి అమ్ముదామనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. 500 చదరపు మీటర్లు దాటితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు కావాలా అన్నది ముందే చూసుకోండి. లేఅవుట్ అనుమతి లేకుండా ముక్కలు చేస్తే మీరు ఇంకో పదిమందికి ఇదే చిక్కు అంటగట్టినట్టే.

7. చెప్పండి, రాయండి

ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, మీకు తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఉంటే చెప్పాల్సిన బాధ్యత మీదే. నోటితో చెప్పింది ఆరు నెలలకు ఎవరికీ గుర్తుండదు. అగ్రిమెంటులోనూ, సేల్ డీడ్‌లోనూ రాయించండి. దస్తావేజు లేఖరులు పాత ఫార్మాటు దించేస్తారు, "ఎటువంటి తగాదాలు, చిక్కులు లేవని" అన్న వాక్యం అందులో ఉంటుంది. అది మీ మెడకు చుట్టుకుంటుంది. దాన్ని తీయించి ఇలాంటిది వేయించండి:

"షెడ్యూలు స్థలములో రోడ్డు ముఖము వెంబడి 9 అడుగుల వెడల్పున 45 గజముల స్థలము మాస్టర్ ప్లాన్ రోడ్డు విస్తరణలో పోవునని ల్యాండ్ యూజ్ సర్టిఫికేటు నకలు చూసుకొని, మిగిలిన 255 గజములకే ధర నిర్ణయించుకొని, పూర్తి ఇష్టముతో కొనుటకు రెండవ పార్టీవారు అంగీకరించినారు."

అగ్రిమెంటులో ఇంకో మూడు విషయాలు ఉండాలి. లోపం పోగొట్టే ఖర్చు ఎవరిది, ఎన్ని నెలల గడువు, అనుమతి రాకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి. స్వాధీనం మాత్రం చివరి రూపాయి వచ్చేదాకా ఇవ్వకండి. స్వాధీనంతో అగ్రిమెంటు రాస్తే స్టాంపు డ్యూటీ కూడా అమ్మకం దస్తావేజులాగే పడుతుంది.

ఈ దశలో వచ్చే "సులువైన" సలహాలు మూడు, మూడూ వద్దు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చెయ్యమంటారు. జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, సైటు మీ పేరునే ఉండి నోటీసులు మీకే వస్తాయి. నోటరీ కాగితం మీద అమ్మెయ్యమంటారు, అది అమ్మకమే కాదు. 22ఏలో ఉన్న నంబరు వదిలేసి పక్క నంబరు వేసి రిజిస్టర్ చేయిస్తామంటారు. అది నేరం, దస్తావేజులో సంతకం మీది.

8. డబ్బు, రిజిస్ట్రేషన్

నగదు 20,000 గానీ ఆపైన గానీ తీసుకోవద్దు, అడ్వాన్సుగా కూడా. ఎంత తీసుకుంటే అంత జరిమానా పడుతుంది. విలువ 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాడు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి, ఆ సర్టిఫికేట్ అడిగి తీసుకోండి. మీరు విదేశాల్లో ఉంటే కోత లెక్క పూర్తిగా వేరు, ఆడిటర్ లేకుండా కదలొద్దు.

స్లాట్ బుక్ చేసే రోజు పొద్దున్నే నిషేధిత జాబితా ఇంకోసారి చూడండి. నిన్న లేని నంబరు ఇవాళ ఎక్కొచ్చు. స్టాంపు డ్యూటీ చలానా కట్టేశాక తెలిస్తే ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం ఇంకో యుద్ధం.

9. అయిపోయిందని ఎలా తెలుస్తుంది

డబ్బు అకౌంటులో పడితే అయిపోయినట్టు కాదు. రెండు వారాలాగి కొత్త ఈసీ తీయండి, కొనుగోలుదారు పేరుతో లావాదేవీ కనపడాలి. విస్తీర్ణం, హద్దులు ఈసీలో ఎలా ఎక్కాయో చదవండి. తప్పు ఉంటే సవరణ దస్తావేజు ఇప్పుడే వేయించడం తేలిక, అవతలివాళ్ళు ఇంకొకరికి అమ్మేశాక కాదు.

ఖాళీ స్థలం పన్ను కొత్త పేరుకు మారిందో లేదో జీవీఎంసీ సైట్లో అసెస్‌మెంట్ నంబరు కొట్టి చూడండి. పేరు మారకపోతే తుప్పల నోటీసు మళ్ళీ మీ ఇంటికే వస్తుంది. ఎల్.ఆర్.ఎస్. దరఖాస్తు మీ పేరున నడుస్తుంటే దాని లాగిన్, రసీదులు కొనుగోలుదారుకు అప్పగించి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. టీడీఆర్ మీ వాటాకు వచ్చేలా రాసుకుంటే ఆ ఫైలు నంబరు మీ దగ్గర ఉంచుకోండి. గోడ మీద మీ ఫోను నంబరు మీద సున్నం వేయించడం మాత్రం మరిచిపోకండి. నాకు ఆనందపురం సైటు గురించి ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి.